శిశు తరగతి గదిని తీర్చిదిద్దే సేవ: పిల్లల ఎత్తు నుంచి చూసిన సమీక్ష

నాలుగేళ్ళు నిండి ఆరేళ్ళ లోపు ఉన్న పిల్లలు చదివే మా తరగతి గదిని కొత్తగా తీర్చిదిద్దే పనిని మా బడి ఒక సంస్థకు అప్పగించింది. గదిని కొలిచి నక్షా గీయడం, పిల్లల వయసుకు తగిన బల్లలు, కుర్చీలు, అరలు, ఆట వస్తువులు సరఫరా చేయడం, వాటిని అమర్చి ఇవ్వడం, పిల్లలు గదికి అలవాటు పడ్డాక మరొకసారి వచ్చి చూసి అవసరమైన మార్పులు చేయడం ఆ సేవలో భాగాలు. ఇలాంటి సేవలు ఇప్పుడు చాలా చోట్ల దొరుకుతున్నాయి కనుకనూ, వాటి గురించి కనిపించే అభిప్రాయాలలో ఎక్కువ భాగం ఫొటోలు చూసి రాసినవే కనుకనూ, ఆ గదిలో రోజూ పిల్లలతో గడిపే ఉపాధ్యాయురాలిగా నేను గమనించిన విషయాలను వివరంగా రాస్తున్నాను.

శిశు తరగతి గదిని అంచనా వేయడానికి నేను వాడే కొలమానం ఒక్కటే. పిల్లవాడు పెద్దవాళ్ళను అడగకుండా తనకు నచ్చిన పనిని ఎంచుకుని, దానికి కావలసిన వస్తువులను తానే అందుకుని, పని ముగిశాక వాటిని తానే తిరిగి వాటి చోట పెట్టగలిగితే ఆ గది బాగున్నట్టు. ప్రతి చిన్న అవసరానికీ టీచరును పిలవాల్సి వచ్చినా, టీచరు రోజంతా అది ముట్టుకోవద్దని, ఇటు పరుగెత్తవద్దని చెబుతూ ఉండాల్సి వచ్చినా, గోడల మీద ఎన్ని రంగులున్నా ఆ గదిలో లోపం ఉన్నట్టే. ఈ కొలమానంతో చూస్తే సంస్థ ఇచ్చిన బల్లలు, కుర్చీలు, అరలు, వాటి అమరిక చాలా మంచివి. గోడల విషయంలోనూ శబ్దం విషయంలోనూ మాత్రం వారి పని నన్ను నిరాశపరిచింది.

ముందుగా కుర్చీలూ బల్లల గురించి చెబుతాను, ఎందుకంటే వారు పని మొదలుపెట్టిన తీరే నాకు నమ్మకం కలిగించింది. ఏ రంగులు కావాలని అడగకముందే వారు పిల్లల ఎత్తులు అడిగారు. ఐరోపాలో బడి సామగ్రికి వాడే ఈఎన్ 1729 ప్రమాణం కుర్చీలను పిల్లల వయసును బట్టి కాక ఎత్తును బట్టి విభజిస్తుంది. 93 నుంచి 116 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకు కూర్చునే చోటు 26 సెంటీమీటర్ల ఎత్తులోనూ బల్ల 46 సెంటీమీటర్ల ఎత్తులోనూ ఉండాలని, 108 నుంచి 121 సెంటీమీటర్ల పిల్లలకు అవి 31, 53 సెంటీమీటర్లు ఉండాలని ఆ ప్రమాణం చెబుతుంది. ఒకే తరగతిలో ఈ రెండు కొలతల పిల్లలూ ఉంటారు కాబట్టి వారు రెండు రకాలూ కలిపి ఇచ్చారు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, పాదాలు నేలకు ఆనని పిల్లవాడు కాళ్ళు ఊపుతూ, ముందుకు జారుతూ, మోకాళ్ళ మీద లేస్తూ తన శ్రద్ధలో సగం కుర్చీలో నిలదొక్కుకోవడానికే ఖర్చు పెడతాడు. అలాంటి పిల్లవాడిని కుదురు లేనివాడని మనం తేలిగ్గా అనేస్తాం. పాత కుర్చీల్లో ఎప్పుడూ కదులుతూ ఉండే కొందరు పిల్లలు కొత్త వాటిలో బొమ్మ గీయడం పూర్తయ్యేదాకా నిలకడగా కూర్చోవడం చూశాక, ఆ మాట అనే ముందు కుర్చీ వైపు ఒకసారి చూడాలని నాకు గట్టిగా అనిపించింది.

ఆ కుర్చీలు తేలికగా కూడా ఉన్నాయి. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని సాన్ లొరెంజో పేటలో తన తొలి బాలగృహాన్ని తెరిచినప్పుడు, నేలకు బిగించిన బరువైన బెంచీలకు బదులు పిల్లలు తామే ఎత్తి జరపగలిగే చిన్న బల్లలూ కుర్చీలూ చేయించింది. నూరేళ్ళు దాటినా ఈ విషయం పాతబడలేదు. కుర్చీని రెండు చేతులతో పట్టుకుని, ఎవరికీ తగలకుండా మరో చోటికి మోసుకెళ్ళడం నాలుగేళ్ళ పిల్లకు ఒక పాఠమే, ఆ పాఠం బరువైన కుర్చీతో సాధ్యం కాదు.

అమరిక గురించి ఎక్కువగా రాయాలి, ఎందుకంటే ఈ సేవలో అసలు విలువ అక్కడే ఉంది. పాత గదిలో బల్లలన్నీ గోడల వారగా ఉండేవి, మధ్యలో పెద్ద ఖాళీ స్థలం ఉండేది. విశాలంగా ఉంటుందని అందరూ మెచ్చుకునేవారు. కానీ అంత ఖాళీ కనిపిస్తే పిల్లలు పరుగెత్తకుండా ఉండలేరు, వారిని ఆపడం మా దినచర్యగా మారింది. సంస్థవారు నడుము ఎత్తు కన్నా తక్కువగా ఉండే అరలతో ఆ ఖాళీని మూలలుగా విభజించారు. కూర్చున్న పిల్లవాడికి ఆ అర గోడలా పనిచేసి పక్కవారి పని కనపడకుండా చేస్తుంది. నిలబడిన నాకు మాత్రం గదిలోని ప్రతి మూలా కనిపిస్తుంది. ఇంటి ఆట, బ్లాకులు ఒక పక్కన, పుస్తకాలు, పజిళ్ళు ఎదురు పక్కన ఉన్నాయి కనుక గొడవగా సాగే ఆట నిశ్శబ్దంగా చేసుకునే పనికి అడ్డు రాదు. రంగులు, నీళ్ళు, బంకమట్టి వాడే మూలను కుళాయికి దగ్గరగా, తుడవడానికి వీలైన నేల మీద పెట్టారు. దారులను నేరుగా కాక మలుపులతో పెట్టడం వల్ల పరుగు దానంతటదే తగ్గింది, ఆ విషయమై ఇప్పుడు మేము నోరు విప్పే అవసరం దాదాపుగా లేదు.

బ్లాకుల మూల ఈ గదిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. వారు ఇచ్చినవి యూనిట్ బ్లాకులు, అంటే అమెరికాలో కారొలైన్ ప్రాట్ 20వ శతాబ్దపు తొలి దశకాలలో రూపొందించిన పద్ధతివి. మిగిలిన ముక్కలన్నిటికీ కొలతగా నిలిచే మూల బ్లాకు అయిదున్నర అంగుళాల పొడవు, రెండుముప్పావు అంగుళాల వెడల్పు, అందులో సగం మందం ఉంటుంది. మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకు రెట్టింపు పొడవు అన్నమాట. మిగిలిన ముక్కలన్నీ ఈ లెక్కకు లోబడే ఉంటాయి కనుక రెండు సగం బ్లాకులు ఒక పూర్తి బ్లాకుతో, రెండు పూర్తి బ్లాకులు ఒక జంట బ్లాకుతో ఎప్పుడూ సరిపోతాయి. కొలతలు కొంచెం తేడా ఉన్న చవకరకం బ్లాకులతో ఈ లాభం పూర్తిగా పోతుంది. ఒక పాప గోడ కడుతూ పొడవు బ్లాకులు అయిపోవడంతో ఆగిపోయి, రెండు చతురస్రపు ముక్కలను పక్కపక్కన పెట్టి, వాటి చివర మీద వేలు రాసి చూసి, అటూ ఇటూ సమంగా ఉన్నాయని తేల్చుకున్నాక, అర దగ్గరికి వెళ్ళి అలాంటివి ఒడినిండా తెచ్చుకుంది. ఎవరూ ఆమెకు భిన్నాల గురించి చెప్పలేదు. ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 19వ శతాబ్దపు మొదటి సగంలోనే జర్మనీలో చిన్న చిన్న చెక్క ఘనాలను పిల్లల చేతికి ఇవ్వడం వెనుక ఉన్న నమ్మకం ఇదే, ఆ నమ్మకం ఎంత సరైనదో ఈ మూలలో రోజూ కళ్ళారా చూస్తున్నాను.

అరల మీద ప్రతి బ్లాకు ఆకారాన్నీ నల్లటి కాగితంతో కత్తిరించి అతికించారు. సర్దుకునే వేళలో పిల్లలు చేతిలోని ముక్కను తిప్పి తిప్పి ఆ నీడ ఆకారం మీద సరిపోయేలా పెడతారు. త్రికోణపు ముక్క మొదటిసారి కుదరకపోతే బోర్లించి చూస్తారు. సర్దడం అనే విసుగుపుట్టించే పని ఆటలో భాగమైపోయింది, సర్దండి అని పదేపదే కేకలు వేయడం మానేశాం. అయితే ఈ మూలలోనే రెండు లోపాలు కూడా ఉన్నాయి. ప్యాకేజీలో వచ్చిన బ్లాకులు ఇద్దరు పిల్లలు ఒక కోట కట్టుకోవడానికి సరిపోతాయే గానీ నలుగురికి చాలవు. బ్లాకులు చాలకపోతే ఇల్లు కట్టడం పోయి ముక్కల కోసం తగాదా మిగులుతుంది. పది రకాల వింత ఆకారాల కన్నా మూల బ్లాకులు, జంట బ్లాకులు ఎక్కువగా ఇవ్వడం మేలు. ఇక రెండవది, కింద పరిచిన తివాచీ దట్టమైన నూలు కుచ్చులతో మెత్తగా ఉంది. చూడటానికి హాయిగా ఉన్నా దాని మీద నాలుగు వరసలు దాటగానే గోపురం ఒరిగిపోతుంది. పిల్లవాడు తన తప్పు ఏమిటో తెలియక మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి వదిలేస్తాడు. మేము అడిగిన మీదట దాని స్థానంలో కుచ్చులు లేని పలుచని గట్టి నేత తివాచీ ఇచ్చారు. అది చప్పుడునూ ఆపుతుంది, గోపురాన్నీ నిలబెడుతుంది.

గోడల దగ్గరికి వచ్చేసరికి ఇంత ఆలోచనగా పని చేసినవారు ఇలా ఎందుకు చేశారా అనిపించింది. అక్షరమాల పటాలు, అంకెల రైలు, నవ్వే జంతువులు, ఇంద్రధనుస్సు, ఋతువుల చెట్టు, పుట్టినరోజుల పట్టిక, మంచి అలవాట్ల బొమ్మలు నాలుగు గోడలనూ నింపేశాయి, పైకప్పు నుంచి కూడా వేలాడాయి. తలుపు తెరిచి చూసిన తల్లిదండ్రులకు ఎంతో ఉల్లాసంగా అనిపించిన మాట నిజమే. కానీ కథ చెబుతున్నప్పుడు పిల్లల కళ్ళు నా వైపు కాక నా తల వెనుకనున్న జంతువుల మీదే తిరుగుతుండేవి. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్నా ఫిషర్, కేరీ గాడ్విన్, హోవార్డ్ సెల్ట్‌మన్ ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఈ విషయాన్నే పరీక్షించింది. 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు బొమ్మలతో నిండిన గదిలో, మరికొన్ని ఖాళీ గోడల గదిలో చెప్పారు. నిండిన గదిలో పిల్లలు 38.6 శాతం సమయం పాఠం మీద ధ్యాస లేకుండా గడిపితే, ఖాళీ గదిలో అది 28.4 శాతానికి తగ్గింది. పాఠం తరువాత అడిగిన ప్రశ్నలకు ఖాళీ గదిలో 55 శాతం, నిండిన గదిలో 42 శాతం సరైన సమాధానాలు వచ్చాయి.

అది కొద్దిమంది పిల్లలతో, ప్రయోగం కోసం అమర్చిన గదిలో చేసిన పని కాబట్టి, గోడలన్నీ తెల్లగా వదిలేయాలని దాని నుంచి తీర్మానించడం సరికాదు. ఇంగ్లండులోని 27 ప్రాథమిక పాఠశాలల్లో 153 తరగతి గదులను పరిశీలించి సాల్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 2015లో వెలువరించిన అధ్యయనం కూడా, బోసిగా ఉన్న గది కన్నా, కిక్కిరిసిన గది కన్నా మధ్యస్థంగా ఉన్న గదే మేలని తేల్చింది. మేము కథ చెప్పే చోటు వెనుక ఉన్న గోడను పూర్తిగా ఖాళీ చేశాం. మిగిలిన గోడల్లో రెండింటి మీద, నేల నుంచి సుమారు ఒక మీటరు ఎత్తులో, పిల్లలు తామే గీసిన బొమ్మలను మాత్రం ఉంచాం. పెద్దల కళ్ళ ఎత్తులో తగిలించిన పటాన్ని పిల్లవాడు తల పైకెత్తి చూడాలి, అందులోని చిన్న అక్షరాలు అతడికి ఆననే ఆనవు. సంస్థవారి పటాలన్నీ ఆ ఎత్తులోనే ఉన్నాయంటే, అవి ఎవరి మెప్పు కోసం తయారయ్యాయో వేరే చెప్పనక్కరలేదు. ఇటలీలోని రెజ్జియో ఎమీలియా నగరపు బడులనూ, వాటి పద్ధతికి రూపమిచ్చిన లోరిస్ మలగుజ్జీనీ తమ బ్రోచర్‌లో గౌరవంగా పేర్కొన్నవారు, ఆ బడుల్లో గోడల మీద ప్రధానంగా కనిపించేది పిల్లల పనీ ఆ పని ఎలా సాగిందో తెలిపే ఫొటోలూ మాటలేనన్న సంగతిని తమ ప్యాకేజీలోకి తీసుకురాకపోవడం విచారకరం.

శబ్దం గురించి నక్షాలో ఒక్క ముక్క కూడా లేదు. చదువు చెప్పే గదుల కోసం అమెరికాలో రూపొందిన ఏఎన్‌ఎస్‌ఐ ఎస్12.60 ప్రమాణం ప్రకారం, మామూలు పరిమాణం ఉన్న ఖాళీ గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెళ్ళు దాటకూడదు, ప్రతిధ్వని 0.6 సెకన్లకు మించకూడదు. పెద్దవాళ్ళకు సగం మాట వినపడినా మిగిలిన సగాన్ని ఊహించుకోగలరు. ఇంకా మాటలు నేర్చుకుంటున్న పిల్లవాడికి అది సాధ్యం కాదు, వినపడని పదం అతడికి లేని పదమే. గట్టి నేల, గట్టి పైకప్పు, చెక్క అరలు ఉన్న గదిలో ఇరవై మందికి పైగా పిల్లలు మాట్లాడుతుంటే ప్రతివాడూ పక్కవాడి కన్నా గొంతు పెంచుతాడు, సాయంత్రానికి టీచరు గొంతు బొంగురుపోతుంది. కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులు, కిటికీలకు దళసరి తెరలు, పిల్లల బొమ్మలు గుచ్చడానికి చెక్క పలకలకు బదులు మెత్తటి ఫెల్ట్ బోర్డులు పెట్టించాక ఎంతో తేడా వచ్చింది. రబ్బరు తొడుగులు అడగగానే ఇచ్చారు. పైకప్పుకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు మాత్రం తమ జాబితాలో లేవన్నారు. గదుల రూపకల్పన చేస్తామని చెప్పుకునే సంస్థ దీన్ని అదనపు హంగుగా చూడటాన్ని నేను ఒప్పుకోలేను.

వెలుతురు విషయంలో ఫిర్యాదు లేదు. కిటికీలకు అడ్డంగా ఏ అరా పెట్టలేదు, పుస్తకాల మూలకు పగటి వెలుగు అందేలా చూశారు.

ఈ సేవలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది చిన్న ఏకాంతపు మూలను. శిశు తరగతుల నాణ్యతను కొలవడానికి థెల్మా హార్మ్స్, రిచర్డ్ క్లిఫర్డ్ 1980లో తెచ్చిన ఈసీఈఆర్ఎస్ కొలమానం మొదటి నుంచీ పిల్లవాడు ఒంటరిగా ఉండగలిగే చోటును ఒక అంశంగా గుర్తించింది. ఇంత మంది మధ్య గంటల తరబడి ఉండటం పెద్దవాళ్ళకే కష్టం, పిల్లలకు చెప్పేదేముంది? సంస్థవారు పుస్తకాల అర పక్కన, ఇద్దరు పిల్లలు మాత్రమే పట్టే చెక్క గూడును పెట్టి, లోపల రెండు దిండ్లు వేసి, ముందువైపు సగం వరకు పలుచని తెర కట్టారు. లోపలున్న పిల్లవాడు తనను ఎవరూ చూడటం లేదనుకుంటాడు, నాకు మాత్రం అతడి కాళ్ళు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. గూడు ముఖద్వారాన్ని గది తలుపు వైపు తిప్పి పెట్టడంలో వారి అనుభవం తెలుస్తుంది. పొద్దున అమ్మను వదల్లేక ఏడుస్తూ వచ్చిన పిల్లవాడు అందులో కూర్చుని తలుపు వైపు చూస్తూ, కాసేపటికి చూపు బ్లాకుల మీదికి మళ్ళించి, ఎవరూ పిలవకుండానే ఒక దిండును చంకలో పెట్టుకుని బయటికి వస్తాడు. ఊరడింపు మాటలతో అరగంటలో కాని పని ఆ గూడు నెమ్మదిగా చేసి పెడుతుంది. అది శిక్షకు వాడే మూలగా మారకూడదని సంస్థవారు మాకు ప్రత్యేకంగా చెప్పారు కూడా, ఆ మాటను నేను ఎంతో విలువైనదిగా భావిస్తున్నాను.

నక్షాలో ఒక పొరపాటు తీవ్రమైనది. బ్లాకుల మూలకూ నీళ్ళ బల్లకూ మధ్య దారి 75 సెంటీమీటర్లే ఉంది. చక్రాల కుర్చీ సులువుగా సాగడానికి కనీసం 90 సెంటీమీటర్ల దారి, వెనక్కి తిరగడానికి ఒకటిన్నర మీటర్ల ఖాళీ కావాలన్నది అందుబాటు ప్రమాణాలు తెలిసినవారందరికీ తెలిసిన విషయమే. ప్రస్తుతం అలాంటి పిల్లలు మీ తరగతిలో లేరు కదా అన్నది వారి మొదటి జవాబు. రేపు వచ్చే పిల్లవాడి కోసం గది ముందే సిద్ధంగా ఉండాలి, అతడు వచ్చాక అరలు జరపడం అంటే నీ కోసం ఇబ్బంది పడుతున్నామని అతడికి చెప్పడమే. రెండవసారి వచ్చినప్పుడు వారు వాదించకుండా ఆ దారిని వెడల్పు చేశారు, నీళ్ళ బల్ల కింద మోకాళ్ళు పట్టేంత ఖాళీ కూడా వచ్చేలా మార్చారు.

టీచర్ల వస్తువులకు మూసి తాళం వేసుకునే బీరువా ఒకటి కూడా లేకపోవడం వల్ల, అరల్లో పిల్లల కోసం ఉంచిన చోటును మా కాగితాలూ కత్తెరలూ జిగురు సీసాలూ ఆక్రమించాయి. నిల్వ చేసుకునే చోటు పెద్దలకు లేకపోతే పిల్లల చోటే తగ్గుతుంది కనుక ఇది చూడటానికి చిన్నదైనా పెద్ద లోటు. పిల్లల సంచుల కొక్కేలు మాత్రం సరైన ఎత్తులో ఉన్నాయి, ప్రతి కొక్కెం పైనా పిల్లవాడి ఫొటో, కింద పేరు ఉండటంతో చదవడం రానివారు కూడా తమ చోటును గుర్తు పట్టి, కొద్ది రోజుల్లో పక్కవారి పేర్లు కూడా చదవసాగారు.

మొత్తం మీద ఈ సంస్థ సేవను నేను సిఫారసు చేస్తాను, అయితే మొత్తం ప్యాకేజీగా కాదు. బల్లలు, కుర్చీలు, అరలు, గూడు, మూలల అమరిక తీసుకోండి. గోడల అలంకరణ వద్దని ముందే చెప్పి, దాని బదులు మూల బ్లాకులు ఎక్కువగా ఇవ్వమని అడగండి, మా విషయంలో ఆ మార్పిడికి వారు అభ్యంతరం చెప్పలేదు. నక్షా చేతికి రాగానే దారుల వెడల్పును మీరే టేపుతో నేల మీద కొలిచి, ఆ తరువాత నేల మీద కూర్చుని, అక్కడి నుంచి ఏమేమి కనిపిస్తాయో, ఏమేమి అందుతాయో చూడండి. శబ్దం కోసం మరొకరిని సంప్రదించవలసి రావచ్చు. రెండవసారి వచ్చి చూసే వాయిదాను ఒప్పందంలో తప్పనిసరిగా రాయించుకోండి, ఎందుకంటే మా గదిలో చాలా దిద్దుబాట్లు ఆ రాకతోనే జరిగాయి. పిల్లలు ఎక్కడానికి ప్రయత్నిస్తారన్నది తెలిసిందే కాబట్టి పొడవాటి అరలన్నిటినీ గోడకు మరలతో బిగించారో లేదో వారు వెళ్ళే లోపే ఊపి చూడండి. మా గదిలో ఆ పనిని మేము అడగకుండానే చేసి, ప్రతి అరనూ మా ఎదుట ఊపి చూపించారు.